ముంచింగిపుట్టు సంతలో నేనన్న మాట

నా పేరు రాయను. ఆమె పేరు రాస్తాను. బుద్రి. ముంచింగిపుట్టుకు ఎగువన కొండ మీద ఒక చిన్న ఊళ్లో ఉండేది. నేనన్న మాట వల్ల ఆ ఊళ్లో ఆమెకు చోటు లేకుండా పోయింది.

ఈ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు చెప్పలేదు, ఆవిడ పోయి చాలాకాలమైంది. నాతో కలిసి వేషాలు కట్టినవాళ్లకు చెప్పలేదు. దాచుకోవడం మొదట్లో కష్టంగా ఉండేది. తరువాత అలవాటైంది. అలవాటైన తరువాతే బరువు పెరిగింది, అదెందుకో నాకిప్పటికీ తెలియదు. రోజూ మోసే కావడి కింద భుజం కాయకాస్తుంది కదా? నా లోపల అలాంటిదేదీ జరగలేదు. ఇప్పుడు వయసు మీద పడింది, చాలా విషయాలు మరిచిపోతున్నాను, నిన్న ఏం తిన్నానో అడిగితే తడుముకుంటాను. ఆ సంతలో ఎండ ఎటునుంచి పడుతోందో మాత్రం చెప్పగలను.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్లయితే ఎక్కడో ఒకచోట నన్ను వెనకేసుకొస్తారు. నాకు అది అక్కర్లేదు.

నేను నాటకాల మనిషిని. విజయనగరం చుట్టుపక్కల ఊళ్లల్లో ఆడవేషాలు కట్టేవాణ్ణి. ముప్పై దాటేసరికి దవడ గట్టిపడింది, గొంతు బరువెక్కింది. నాయికల వేషాలు కుర్రవాళ్లకు పోయాయి, నాకు రాక్షసులు మిగిలారు. దానికి నేను బాధపడ్డాననుకోకండి. భయపెట్టడం నాకు చేతనయిన విద్య. నేను తెర వెనక నుంచి ఒక్కసారి నవ్వితే ముందు వరసలో పిల్లలు తల్లుల ఒళ్లో ముఖాలు దాచుకునేవారు. పెద్దవాళ్లు సర్దుకుని కూర్చునేవారు. చప్పట్లకన్నా నాకు అది ఇష్టంగా ఉండేది. ఎంత ఇష్టమో అప్పుడు తెలియదు. ఈ కథ జరిగాక తెలిసింది.

మా నాటక సమాజం చితికిపోయిన ఏడాది మద్రాసు నుంచి ఒకాయన వచ్చాడు. కెమెరా ఉన్న మనిషి. అందరూ ఆయన్ను ప్రొప్రైటరుగారనేవారు, నేనూ అలాగే అనేవాణ్ణి. అప్పటికింకా సినిమా బొమ్మలకు మాటలు రాలేదు. తెర మీద మనుషులు కదిలేవారు, పక్కన ఒకడు నిలబడి కథ చెప్పేవాడు. ప్రొప్రైటరుగారు మద్రాసులో విదేశాల బొమ్మలు చాలా చూశాడు. ఎక్కడివో దీవులు, చీకటి అడవులు, అడవిలో లేచి తిరిగే శవాలు, టోపీ పెట్టుకున్న దొర దారి తప్పి భయంతో చచ్చిపోవడం. ఆ బొమ్మలు ఆయన్ను పట్టుకున్నాయి.

"వాళ్లు చలిదేశంలో కూర్చుని గుడ్డ మీద తాటిచెట్లు గీసుకుని భయపెడుతున్నారయ్యా," అన్నాడు నాతో. "మనకి నిజం అడవే ఉంది. ఉన్నదాన్ని చూపించి భయపెట్టలేమా?"

కథ చిన్నది. కొండ అడవిలో ఒక ఆడదెయ్యం ఉంటుంది. మంచులోంచి వస్తుంది, మంచులోకి పోతుంది, పిల్లల్ని ఎత్తుకుపోతుంది. కింది నుంచి మకాం వచ్చిన ఒక ఉద్యోగి కుటుంబాన్ని పీడిస్తుంది. ఆ దెయ్యం వేషానికి నన్ను తీసుకున్నారు.

ఏజెన్సీలో కొండవాళ్ల పితూరీ అణిగి ఎంతోకాలం కాలేదు. కొండల్లోకి వెళతామంటే కింద ఊళ్లల్లో బండివాళ్లు వెనకాడారు. ఎలాగో శృంగవరపుకోట నుంచి ఘాటీ ఎక్కి, అరకు దాటి, అక్కణ్ణుంచి సామాను మోతగాళ్ల తలల మీద పెట్టించుకుని ముంచింగిపుట్టు ఎగువకు చేరాం. వలిసెల చేలు పూసే కాలం. కొండవాలులన్నీ పచ్చగా పసుపు పూసినట్టున్నాయి. భయపెట్టడానికి వచ్చిన చోట ఇంత వెలుగేమిటని ప్రొప్రైటరుగారు విసుక్కున్నాడు. ఆయనకు కావలసింది అక్కడివాళ్లు గెడ్డ అనే కొండవాగు మీద పొద్దున్నే కమ్మే మంచు. సూర్యుడు పైకి వచ్చేలోగా అది కరిగిపోయేది, ఆ కాస్త వ్యవధిలోనే మా పని.

మొదటి నాలుగైదు రోజులు నేనే దెయ్యం. తలకి సవరం, నోట్లో కొయ్యపళ్లు, ఒంటికి మసి. నాటకంలో దీపాల వెలుగులో పనికొచ్చిన వేషం ఎండలో తేలిపోయింది. కెమెరా తిప్పే ఆపరేటరు అందులోంచి చూసి తల పక్కకి తిప్పుకున్నాడు. ప్రొప్రైటరుగారు మాత్రం అన్నాడు. "చీర కట్టుకున్న మగవాడు గెడ్డలో జారిపడుతున్నట్టుంది."

ఆ మాట అంటుండగానే బుద్రి వచ్చింది. తల మీద అడ్డాకుల మోపుతో మంచులోంచి నడిచి వచ్చింది. మోపు కింద ముఖం కనబడలేదు, ఆకులు నడిచి వస్తున్నట్టు ఉంది. మమ్మల్ని చూసి ఆగి, నా కొయ్యపళ్లు చూసి, పకపకా నవ్వింది. ప్రొప్రైటరుగారు ఆమె వైపు చూసిన చూపులోనే నా వేషం పోయిందని తెలిసింది.

నాకు అవమానమైంది. కాలేదంటే అబద్ధం. దాంతోపాటు హాయిగానూ ఉంది, ఆ చలినీళ్లలో ఇక దిగక్కర్లేదు, జలగలు లేవు. రెండూ ఒకేసారి ఉండొచ్చని అప్పుడే తెలిసింది.

బుద్రి భర్త పోయిన మనిషి. ఒక చిన్న ఆడపిల్ల. ఊరి చివర ఇల్లు, ఇంటి వెనక కొంచెం చేను. పక్కనే మరిది కుటుంబం. కొండదొర తెగవాళ్లు కాబట్టి వాళ్ల మాట తెలుగే, నాకు అర్థమయ్యేది. కనక ఆమెను ఒప్పించే పని నాకప్పగించారు. నేను ఒప్పించాను. ఏ వేషమో చెప్పలేదు. దేవత వేషమని చెప్పాను.

"ఏ దేవత బాబూ?" అంది.

గెడ్డ దేవత అన్నాను. అలాంటి దేవత ఆమె ఎరగదు, నేనూ ఎరగను. అయినా ఆమె సరేనంది. అది నా మొదటి అబద్ధం. దీన్ని నేను పెద్దగా లెక్కపెట్టుకోను. లెక్కపెట్టుకోవాలా? దెయ్యమని చెప్పి ఉంటే ఆమె ఇంటికి వెళ్లిపోయేది, నేను చెప్పవలసినది ఇక్కడితో ఆగిపోయేది. అందువల్ల లెక్కపెట్టుకోవాల్సిందేనేమో.

ఆమెకు ఆ పని బాగా నచ్చింది. చెప్పింది చెప్పినట్టు చేసేది, మధ్యలో నవ్వు ఆపుకోలేక అందర్నీ నవ్వించేది. పిల్లవాడని చెప్పి ఆమె చేతికిచ్చింది గుడ్డ చుట్టిన ఆనపకాయ. ఆ ఆనపకాయను జోకొట్టి, పాట పాడి, ఆపరేటరు చేత కూడా నవ్వించింది. ఊరివాళ్లు చూడ్డానికి వచ్చేవారు గానీ, మనుషుల అడుగులు పడితే అడవి అడవిలా ఉండదని ప్రొప్రైటరుగారు వాళ్లను దూరంగా పంపించేశాడు.

ఒకటి మీకు వివరంగా చెప్పాలి. దెయ్యం మాయమయ్యే ఘట్టం ఉంది. బుద్రి గెడ్డ మధ్యలో రాతి మీద నిలబడాలి. ఆపరేటరు కెమెరా పిడి తిప్పుతూ తిప్పుతూ ఆపేస్తాడు. అప్పుడు నేను కేక వేస్తాను, "బేగి వెళ్లు, రాయి వెనక్కి" అని. ఆమె దిగి రాయి వెనక్కి వెళ్లి కూర్చుంటుంది. ఆపరేటరు మళ్లీ పిడి తిప్పుతాడు. తెర మీద చూసేవాడికి మధ్యలో ఆగిన సంగతి తెలియదు. మనిషి ఉండగానే లేకుండా పోతుంది. అంతే. అందులో ఇంకేమీ లేదు. కానీ తెర మీద చూడనివాడికి అది ఎంత చెప్పినా బోధపడదు. ఊరివాళ్లకు తెలియదు. బుద్రికి కూడా తెలియదు, తనను ఎందుకు రాయి వెనక కూర్చోమంటున్నామో ఆమె అడగనూ లేదు.

బొమ్మ తయారయింది. కింది ఊళ్లలో ఆడించాం. నాకు వేషం పోయింది కదా, తెర పక్కన నిలబడి కథ చెప్పే పని ఇచ్చారు. ఇది నా గొంతుకు తగిన పని. విశాఖపట్నంలో, బొబ్బిలిలో, అనకాపల్లిలో జనం గుడారాల్లో కిక్కిరిసేవారు. మంచులోంచి ఆమె వచ్చేటప్పుడు నేను గొంతు తగ్గించేవాణ్ణి. ఎంత తగ్గిస్తే అంత ముందుకు వంగేవారు. రాతి మీద మాయమైనప్పుడు ఒక్క క్షణం ఏమీ అనేవాణ్ణి కాదు. అప్పుడు వినబడేది కేకలు, ఆడవాళ్ల ఏడుపులు. నేను చీకట్లో నిలబడి అదంతా తాగేవాణ్ణి. కొండల్లో ఆడవాళ్లంతా ఇలాంటివాళ్లేనటగా అని ఆట అయ్యాక ఎవరెవరో అడిగేవారు. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. నవ్వి ఊరుకోవడమంటే ఔననడమే.

వానలు వెళ్లాక ప్రొప్రైటరుగారికి ఒక ఊహ వచ్చింది. తీసిన చోటే ఆడిద్దామని. ముంచింగిపుట్టు వారపు సంతకు చుట్టుపక్కల కొండల మీది ఊళ్లన్నీ దిగివస్తాయి. అక్కడ కింది నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక షావుకారుకు చింతపండు గోదాము ఉంది. తలుపులు మూసి, సందులకు గోనెలు కడితే పట్టపగలే చీకటి. యంత్రం, దీపం మోయించుకుని మళ్లీ ఘాటీ ఎక్కాం.

సంత రోజు మధ్యాహ్నం మొదటి ఆట. గోదాములో చింతపండు పులుపు వాసన, మనుషుల వేడి. బుద్రి ఊరివాళ్లంతా వచ్చారు. బుద్రి ముందు వరసలో కూర్చుంది, కూతురు ఒళ్లో. నన్ను చూసి చెయ్యి ఊపింది. ఆమె పక్కగా ఊరి నాయుడు. అక్కడ ఊరిపెద్దను నాయుడంటారు. నెమ్మదస్తుడు, అందరూ చెప్పింది విన్నాకే మాట్లాడే మనిషి.

బొమ్మ మొదలైంది. నేను గొంతు తగ్గించాను. వాళ్లు నవ్వారు.

మంచు రాగానే అదిగో మన గెడ్డ అన్నారు. ఆవు కనబడితే ఎవరి ఆవో చెప్పుకున్నారు. బుద్రి వచ్చింది, గోదాము ఘొల్లుమంది. ఆమె ఆనపకాయను ఎత్తుకుంటే ఎవరో ముసలావిడ, గుడ్డ జారిందే కాయ కనబడతంది, అంది. నిజమే, కొస కనబడుతోంది. పట్నంలో ఎవరూ చూడలేదు. బుద్రి అందరికన్నా గట్టిగా నవ్వుతోంది. ఉద్యోగి భార్య వేషగాడు స్పృహతప్పి పడిపోతే, సంతలో తప్పతాగి పడిపోయే ఒకాయన పేరు చెప్పి నవ్వారు.

నేను నాకు తెలిసిన విద్యలన్నీ వాడాను. గుసగుసలాడాను, మూలిగాను, ఉన్నట్టుండి అరిచాను. నేను అరిస్తే పిల్లలు నన్ను అనుకరించారు. నా జీవితంలో అలాంటిది ఎప్పుడూ జరగలేదు. నాటకాల్లో రాక్షసి వేషంలో నన్ను చూసి ఎవరూ నవ్వలేదు. తెర వెలుగు అంచున నిలబడ్డాను, ముఖమంతా చెమట. తలుపు దగ్గర ప్రొప్రైటరుగారు చేతులు కట్టుకుని చూస్తున్నాడు. నాకు ఏడుపొచ్చినంత పని అయింది. ఇంతకీ వాళ్లు చేసిన తప్పేమిటి? తమ గెడ్డను, తమ మనిషిని గుర్తుపట్టారు. సంతోషించారు. బొమ్మ చూడ్డానికి అంతకన్నా మంచి పద్ధతి ఉందా? ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు వాళ్లు నన్ను చంపుతున్నట్టనిపించింది.

రాయి వచ్చింది. రాతి మీద బుద్రి. ఆపైన ఒట్టి రాయి.

నవ్వు ఆగింది. అంతమంది ఒకేసారి ఊరుకున్నారు. ఇందాకటి దాకా అంతా వాళ్లకు తెలిసినదే, ఇది తెలియనిది. బుద్రి కూడా ఊరుకుంది. ఆ నిశ్శబ్దం నాకు చేతికందింది. పట్నంలో అయితే అక్కడ నేను ఏమీ అనను. ఇక్కడ అన్నాను. ముందుగా అనుకున్నది కాదు, ఎవరూ రాసిచ్చింది కాదు. నోటికి వచ్చింది.

"ఇది వేషం కాదు," అన్నాను. "ఆ పొద్దున ఆమె ఆ రాతి మీదే నిలబడి ఉంది. మా కళ్లకు కనబడుతూనే ఉంది. యంత్రానికి కనబడలేదు. యంత్రం కంటికి మనిషి కనబడుతుంది. మనిషి కానిది కనబడదు."

ఎవరూ నవ్వలేదు. బొమ్మ అయ్యేదాకా ఇంకెవరూ నవ్వలేదు. ముందు వరసలో బుద్రికి అటూ ఇటూ కూర్చున్నవాళ్లు కొంచెం కొంచెంగా జరిగారు. తెర వెలుగులో నేను అది చూశాను.

చూసి నాకు కలిగింది సంతోషం. ఇదీ నేను చెప్పలేకపోయిన సంగతి. ఆ తరువాత జరిగినదానికి భయమనో, బలహీనతనో పేరు పెట్టొచ్చు. ఆ క్షణానికి వేరే పేరు లేదు. గెలిచానని సంతోషించాను.

ఆట అయ్యాక బయటికి వచ్చాం. గోదాము పడమటి గోడ మీద ఎండ పడుతోంది. రెండో ఆటకు జనం అప్పుడే మూగుతున్నారు. నాయుడు నలుగురైదుగురు మనుషులతో నా దగ్గరికి వచ్చాడు. వాళ్లల్లో బుద్రి మరిది ఉన్నాడు. వెనకాల బుద్రి, కూతురి చెయ్యి పట్టుకుని.

"బాబూ, ఒక మాట అడగాల," అన్నాడు నాయుడు. "సీకట్లో సెప్పినావు గదా, మనిసి కానిది ఆ యంత్రానికి కనబడదని. అది నిజమేనా? ఆటకి అన్నావా?"

నేను యంత్రం అబద్ధం చెప్పదన్నాను.

"యంత్రం సంగతి నాకేటి తెలుస్తాది. నువ్వు అక్కడున్నావు. నువ్వు సూసినావు గదా, అది సెప్పు."

అప్పుడు బుద్రి ముందుకు వచ్చింది. నవ్వుతూనే ఉంది. నేను చెబుతానని ఆమెకు పూర్తి నమ్మకం.

"నాను రాయి ఎనక్కి ఎల్లిపోనాను గదా బాబూ. నువ్వే ఎల్లమన్నావు. బేగి ఎల్లు అని కేకేసినావు. సెప్పు ఆల్లకి."

"నాకు జ్ఞాపకం లేదు," అన్నాను.

నాయుడు నా ముఖంలోకి చూశాడు. "గేపకం నేదా బాబూ?"

"లేదు."

ఆయన ఇంకొంచెంసేపు అక్కడే నిలబడ్డాడు. నేను మళ్లీ ఏదైనా అంటానేమోనని ఆగాడని తరువాత తరువాత అర్థమైంది. తలూపి వెళ్లిపోయాడు. తక్కినవాళ్లు వెళ్లారు. బుద్రి నవ్వు మాత్రం ముఖం మీద కాసేపు అలాగే ఉండిపోయింది, తీసెయ్యడం మరిచిపోయినట్టు. తరువాత ఆమె తలుపు సందులోంచి గోదాములోకి, ఆ తెర వైపు చూసింది. తనకే అనుమానం వచ్చిందా? రాయి వెనక్కి నడిచిన తన కాళ్ల మీద తనకే నమ్మకం పోయిందా? ఈ ప్రశ్న నన్ను ఎన్నోసార్లు పడుకోనివ్వలేదు. కూతుర్ని చంకనెత్తుకుని సంత మధ్యలోంచి వెళ్లిపోయింది. ఉప్పు కొనుక్కోవడానికి వచ్చిందట, కొనకుండానే వెళ్లింది.

ఎందుకు చెప్పలేదు? ఈ ప్రశ్నకు నా దగ్గర చాలా జవాబులు ఉండేవి. నిజం చెబితే రెండో ఆట పాడవుతుంది, ప్రొప్రైటరుగారు నన్ను అక్కడే వదిలేసి పోతాడు. అన్ని మాటలన్నాక వెనక్కి తీసుకుంటే కొండవాళ్లు నా మీద తిరగబడతారు. ఒక మాటకు ఏమవుతుందిలే, వారం తిరక్కుండా మరిచిపోతారు. ఒక్కొక్కటీ తీసి చూస్తే ఏదీ నిలబడదు. నాయుడు నాకు జవాబు కూడా అందించాడు. ఆటకి అన్నావా, అని. ఔను, ఆటకి అన్నాను అంటే సరిపోయేది. ఎవరూ కొట్టేవారు కాదు, నవ్వేవారు. మళ్లీ నవ్వేవారు. నాకు సహించరానిది అదే.

రెండో ఆట బ్రహ్మాండంగా నడిచింది. పిల్లలు ఏడ్చారు. ప్రొప్రైటరుగారు నా భుజం తట్టాడు. మర్నాడు పొద్దున్నే దిగిపోయాం.

తరువాతి ఎండాకాలంలో ఆ గోదాము షావుకారు శృంగవరపుకోటలో కనబడ్డాడు. మీ బొమ్మ మామూలుది కాదండీ అంటూ మొదలుపెట్టాడు. ఆయన చెప్పిన దాన్నిబట్టి నాకు తెలిసింది ఇది. మేం సంతలో ఆడించడానికి ముందటి వానల్లో బుద్రి ఊళ్లో జ్వరాలు తగిలాయి. ఆమె మరిది కొడుకు పోయాడు. ఆమె చిల్లంగి పెట్టిందని, అంటే చేతబడి చేసిందని, మరిది అప్పటికే గొణుగుతున్నాడు. నాయుడు ఒప్పుకోలేదు, జ్వరానికి మనిషిని అంటావేటని కసిరాడు. సంతలో ఆయన నన్ను అడిగింది అందుకే. నా నోటితో ఆటకి అన్నానని చెప్పిస్తే ఆ గొణుగుడు ఆగిపోతుందని. ఆమెను కాపాడుకోవడానికి అడిగాడు. నా జవాబు విన్నాక ఆయన దగ్గర అడ్డుపెట్టడానికి ఏమీ మిగల్లేదు.

బుద్రి ముందుపళ్లు రాయితో రాలగొట్టారు. పళ్లు లేకపోతే మంత్రం సరిగా పలకదని నమ్మకం. ఇల్లు తగలబెట్టారు. కూతుర్ని తీసుకుని ఏరు దాటి ఒరియా వైపు పోయిందట. షావుకారు తమలపాకులకు సున్నం రాసుకుంటూ ఈ సంగతులన్నీ చెప్పాడు. నేను విన్నాను. అయ్యో అని కూడా అనలేదు. అంటే నాకు సంబంధం ఉన్నట్టవుతుందని. వక్కపొడి డబ్బీ ఆయన వైపు జరిపాను.

కథ చెప్పే పని మానేశాను. అది ప్రాయశ్చిత్తమని మీరు అనుకునేలా రాయాలనిపిస్తోంది, కానీ కాదు. మాట్లాడే బొమ్మలు వస్తున్నాయని అప్పటికే చెప్పుకుంటున్నారు, తెర పక్కన మనిషి అవసరం ఎలాగూ తీరిపోయేది. బడిలో పద్యాలు చెప్పుకుని బతికాను.

ఒకసారి మాత్రం కొండెక్కాను. పసుపు బేరమని ఇంట్లో చెప్పి వెళ్లాను. నాయుడు ముసలివాడైపోయాడు. నన్ను గుర్తుపట్టి అరుగు మీద కూర్చోబెట్టి చోడంబలి ఇప్పించాడు. ఊరి చివర బుద్రి ఇల్లున్న చోట మొండిగోడ ఉంది. వెనక చేనులో వలిసెలు వేశారు. ఎవరు వేశారని అడగలేదు, మరిది అందులో కలుపు తీస్తున్నాడు.

చెప్పాలనే వెళ్లాను. దారి పొడవునా మాటలు కూర్చుకున్నాను. ఆమె నడిచి వెళ్లింది నాయుడూ, నేనే వెళ్లమన్నాను, పిడి తిప్పడం ఆపాం, మళ్లీ తిప్పాం. ఇంతే చెప్పాల్సింది. నేను నోరు తెరిచేలోగా ఆయనే అందుకున్నాడు. బుద్రి పేరెత్తలేదు.

"సదువుకున్నోడివి," అన్నాడు నెమ్మదిగా. "మాతో అబద్దమాడాల్సిన పని నీకేటుంటాది అనుకున్నాం."

నన్ను నిలదీశాడో, తనకు తాను చెప్పుకున్నాడో పోల్చుకోలేకపోయాను. ఆయన గొంతులో కోపం లేదు. ఇప్పుడు నిజం చెబితే ఈ ముసలాయన చేతుల్లో ఏం మిగులుతుంది, ఊరంతా కలిసి తప్పు లేని మనిషి పళ్లు రాలగొట్టామని తెలుసుకుని ఎలా బతుకుతారు, చెప్పకపోవడమే దయ కదా అనుకున్నాను. దయ అని నిజంగానే అనుకున్నాను. అంబలి తాగేసి, డొప్ప పక్కన పెట్టి, బేరం కుదరలేదని చెప్పి లేచాను. మూడు అబద్ధాలతో ఆ తల్లీకూతుళ్ల బతుకు పాడుచేసి, నాలుగోది దయ పేరుతో ఆడాను.

అక్కణ్ణుంచి ఏటి ఒడ్డు దాకా నడిచాను. అవతల ఒడ్డున ఊళ్లు కనబడుతున్నాయి, పొగ లేస్తోంది. ఆ ఊళ్లల్లో అడిగితే ఎవరైనా చెప్పేవారేమో, కూతురితో వచ్చిన పళ్లు లేని మనిషి ఎక్కడుందని. ఏట్లో నీళ్లు మోకాలి లోతు కూడా లేవు. దాటలేదు. ఏమని చెప్పాలి ఆమెకు? నాకు జ్ఞాపకం వచ్చిందనా?

ఆమె తరువాత ఏమైందో నాకు తెలియదు. ఆ పిల్ల బతికి ఉంటే ఇప్పటికి మనవల్ని ఎత్తి ఉంటుంది. బొమ్మ మద్రాసులో చెమ్మకు పాడైపోయిందని విన్నాను. ప్రొప్రైటరుగారు, ఆపరేటరు, నాయుడు, అందరూ పోయారు. ఆ పొద్దున గెడ్డ దగ్గర ఏం జరిగిందో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. నేను పోతే బుద్రి మాయమైందన్న మాటే ఆ కొండల మీద నిజంగా మిగులుతుంది. అందుకే రాస్తున్నానని చెప్పుకోవచ్చు. అదొక్కటే కారణం కాదు. మోయలేక కూడా రాస్తున్నాను.

మీరు నన్ను క్షమించాలని అడగడం లేదు. మీకు ఆ హక్కు లేదు, మిమ్మల్ని అడిగే హక్కు నాకూ లేదు. వినేవారుంటే చాలనుకున్నాను.

ఇంతవరకూ రాసి ఒకసారి చదువుకున్నాను. ఎక్కడా నన్ను నేను కాపాడుకోలేదని చెప్పలేను, ఒకటి రెండుచోట్ల ప్రయత్నించినట్టే ఉంది. కొట్టెయ్యలేదు. కలం కింద పెట్టాక ఛాతీలో కొంచెం తెరిపిగా ఉంది. ఇన్నేళ్లకు ఊపిరి అడుగుదాకా వెళ్లి వచ్చింది. అలా వెళ్లినందుకు సిగ్గుగా ఉంది. అయినా మళ్లీ ఒకసారి పీల్చుకున్నాను.